నాలుగో మనిషి కోసం ఒక లెన్సు

మీరు ఫోటో దిగేముందు తలలు లెక్కపెడతారా, పెట్టరా? నిజం చెప్పండి. చదువుకున్నవారే కదా. అయినా ముగ్గురు వరుసగా నిలబడి, ఎవరో కెమెరా ఎత్తగానే "ముగ్గురొద్దు, ఇంకొకర్ని రమ్మనండి" అని ఒక గొంతు లేస్తుంది. ఆ గొంతు మీది కాకపోవచ్చు. కానీ ఆ మాట వినగానే పక్కగదిలో టీవీ చూసుకుంటున్న మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది మాత్రం మీరే. ముగ్గురు కలిసి ఫోటో దిగితే అందులో ఒకరు పోతారట. నలుగురు దిగితే ఎవరూ పోరట. నలుగురిని చూస్తే మృత్యువుకు మొహమాటం ఎందుకో, ముగ్గురంటే అంత కక్ష ఎందుకో చెప్పినవాళ్లు మాత్రం లేరు.

ఈ ప్రశ్న నేను ఎన్నో హేతువాద సభల్లో అడిగాను. చప్పట్లు కొట్టారు. ఒకచోట సభ అయిపోయాక నిర్వాహకులు ఇద్దరు నాతో ఫోటోకు నిలబడ్డారు. మొత్తం ముగ్గురం అయ్యేసరికి, కుర్చీలు సర్దుతున్న పెద్దాయన్ని కేకేసి పక్కన నిలబెట్టుకున్నారు. అది కూడా భరించాను. భరించలేనిది మా ఇంటి సంగతి. తార్నాకలో మా ఫ్లాట్‌లో ఉండేది నేను, నా భార్య, మా అమ్మాయి. సరిగ్గా ముగ్గురం. ముగ్గురమే కలిసి దిగిన ఫోటో మాకు ఒక్కటీ లేదు.

మా ఆల్బం తిరగేసినవాళ్లకు అనుమానం వస్తుంది. పిల్ల పక్కన తల్లి ఉన్నచోట తండ్రి లేడు, తండ్రి ఉన్నచోట తల్లి లేదు, తల్లీతండ్రీ కలిసి ఉన్నచోట పిల్ల లేదు. విడాకుల కేసు నడిచిన ఇల్లేమో అనుకుంటారు. పుట్టినరోజు ఫోటోల్లో మాత్రం అందరం ఉంటాం, మాతోపాటు పై అంతస్తు పిన్నిగారు ఉంటారు. మొదటి పుట్టినరోజు నుంచీ ఆవిడే మా నాలుగో మనిషి. ఒక ఏడాది జ్వరంలో కూడా శాలువా కప్పుకుని దిగివచ్చి, ఫోటో కాగానే కేకు ముక్క పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. సెల్ఫీల కాలం వచ్చాక నా భార్య ఇంకో విద్య నేర్చుకుంది. అమ్మాయి ఫోను ఎత్తి నొక్కే క్షణానికి సరిగ్గా వంగి చెప్పు సర్దుకుంటుంది. మా ఫోన్లలో ఆమె జడ ఫోటోలు చాలా ఉన్నాయి.

ఆమె గోదావరి వైపు మనిషి. తండ్రి చర్చిలో ఉపదేశి. తను హబ్సిగూడలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పిల్లల చేత త్రిభుజాలు గీయించే మనిషికి మూడు అంటే భయం! ఆదివారం చర్చికి వెళ్లి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటేనని పాడి వస్తుంది. నేను ఇంట్లో ఆమెను టీచర్ అనే పిలుస్తాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన పాపానికి ఆమె నన్ను మాస్టారూ అంటుంది.

"ముగ్గురు ఒక్కటైతే దేవుడంటవు. ముగ్గురు ఒక్క ఫోటోల ఉంటే శవం అంటవు. ఇదేం లెక్క టీచర్?" అని ఒకసారి నిలదీశాను.

బెండకాయలు తరుగుతూ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "వాళ్లు ఫోటో దిగలేదు కదండీ మాస్టారూ."

ఆమె దగ్గర ఆధారం కూడా ఉంది. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న, బాబాయి, మేనమామ ముగ్గురూ టౌనుకు వెళ్లి స్టూడియోలో ఫోటో దిగారట. ఏడాది తిరక్కుండా మేనమామ పోయాడు. నేను విచారించాను. మేనమామకు అప్పటికే క్షయ ముదిరింది. ఇక ఎక్కువకాలం ఉండడని తెలిసే, గుర్తుగా ఉంటుందని ఆ ఫోటో దిగారు. అంటే ఫోటో వల్ల చావు రాలేదు, రాబోయే చావు వల్ల ఫోటో వచ్చింది. ఈ సంగతి ఎంత స్పష్టంగా వివరించానో నాకే ముచ్చటేసింది. ఆమె అంతా విని, "మీరు చెప్పింది నిజమే. అయినా నేను దిగను" అంది. ఓడిపోయిన మనిషి అంత ప్రశాంతంగా ఉండడం నేను ఏ వేదిక మీదా చూడలేదు.

అలాగే నడిచిపోయేది. ఈలోగా మా అమ్మాయికి పెళ్లి కుదిరింది. కుదిరింది అంటే వాళ్లే కుదుర్చుకున్నారు. మా అమ్మాయీ, ఆ అబ్బాయీ క్యాంపస్‌లో ఒకే చోట పరిశోధన చేస్తున్నారు. అబ్బాయిది నల్గొండ వైపు పల్లె. రిజిస్టర్ పెళ్లి. అది నిశ్చయమయ్యాక అమ్మాయి ఒక కోరిక కోరింది. పెళ్లికి ముందు మన ముగ్గురమే ఎక్కడికన్నా పెద్ద సిటీకి పోదాం, అక్కడ మన ముగ్గురం కలిసి ఒక్క ఫోటో దిగుదాం, అంతే.

"వచ్చే నెలలో అబ్బాయి వచ్చేస్తాడు కదే. నలుగురం అయిపోతాం. అప్పుడు ఎన్నయినా దిగుదాం" అంది వాళ్లమ్మ. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు సందేహం వచ్చింది. ఈవిడ అల్లుణ్ని చూసి మురుస్తోందా, నాలుగో తలను చూసి మురుస్తోందా?

"అది అప్పటి ఫోటో మమ్మీ. అది కూడా దిగుదాం. నాకు ఇప్పటిది కావాలె. నేను గీ ఇంట్ల పుట్టి పెరిగిన, పిన్నిగారు లేకుంట నీకూ నాన్నకూ మధ్యల నిలబడ్డ ఫోటో ఒక్కటి కూడా లేదు నాకు" అంది పిల్ల. నవ్వుతూనే అంది, కానీ ఆ తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

సరే, ముంబై అనుకున్నాం. ఇక ఆయుధం సంగతి. అమ్మాయి దగ్గర పాత కెమెరా ఒకటి ఉంది. దానికి కాబోయే అల్లుడి స్నేహితుడు లెన్సు ఇస్తానన్నాడు. రామంతాపూర్‌లో ఉంటాడు, పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. "నా దగ్గర మూడున్నయి అంకుల్. ఒక్కటే ఇయ్యగల్గుత, మిగిలినవి నాకు ముహూర్తాలకు కావాలె. ఏది కావాల్నో మీరే చెప్పుండ్రి" అన్నాడు. ఒకటి వెడల్పు లెన్సు. దగ్గరగా నిలబడినా ఎదురుగా ఉన్నదంతా పట్టేస్తుంది. రెండోది పొడుగు లెన్సు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగి, చుట్టూ ఉన్నదాన్ని కోసేస్తుంది. మూడోది చిన్నది, దూరాన్ని దగ్గర చెయ్యదు, మనిషి ముఖాన్ని మాత్రం చక్కగా తీసి వెనకదంతా మసక చేస్తుంది.

ఏది మంచిదో హేతుబద్ధంగా తేల్చాలని కూర్చున్నాను. అక్కడ మొదలైంది నా పతనం. ఫోనులో వీడియోలు పెట్టాను. ఒక గడ్డం ఆయన వెడల్పు లెన్సు లేకుండా ఊరు దాటేవాడు మూర్ఖుడన్నాడు. ఇంకొక గడ్డం ఆయన వెడల్పు లెన్సు కొనేవాడే మూర్ఖుడన్నాడు. రెండు కంపెనీల భక్తులు కింద వ్యాఖ్యల్లో తిట్టుకుంటున్నారు. అడ్డబొట్టు వాళ్లూ నిలువుబొట్టు వాళ్లూ ఒకరినొకరు ఇంతగా తిట్టుకుని ఉండరు. ఒకాయనకు మసక ఎంత మెత్తగా ఉందో చెబుతుంటే కళ్లు చెమర్చాయి. నాకూ చెమర్చాయి. పొద్దున్నే బాల్కనీలో నా భార్య బైబిలు తెరిచేది, నేను ఎదురు కుర్చీలో ఫోను తెరిచేవాణ్ని. కొన్నాళ్లు చూసి, "మీ ప్రార్థన అయ్యిందా? టిఫిను పెట్టమంటారా?" అంది. బాబాలను నమ్మేవాళ్లను చీల్చి చెండాడిన నేను ఫోను మూసి టిఫినుకు లేచాను.

చూసి తేల్చుకుందామని ఆదివారం పొద్దున్న నేనూ అమ్మాయీ క్యాంపస్‌కు వెళ్లాం. నా భార్య చర్చికి వెళ్లింది. అక్కడి పెద్ద రాతి భవనం ముందు ఆ కుర్రాడికి పెళ్లికి ముందు తీసే షూటింగ్ ఒకటి ఉంది. అక్కడికే వస్తే మూడు లెన్సులూ పెట్టి చూసుకోవచ్చన్నాడు. ఈ మధ్య ఆ భవనం ముందు ఎప్పుడు చూసినా ఒక జంట చేతులు చాపి గాల్లో తేలుతుంటుంది. మెట్ల మీద గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్లు పుస్తకాలు అడ్డం పెట్టుకుని వాళ్లను చూస్తుంటారు. మేము చదివే రోజుల్లో అవే మెట్ల మీద కూర్చుని దేవుడు ఉన్నాడా లేడా అని గొంతులు పోగొట్టుకునేవాళ్లం. ఇప్పుడక్కడ డ్రోన్ లేస్తోంది.

పొడుగు లెన్సు పెట్టి నేను ఒక వాకింగ్ పెద్దమనిషిని దగ్గరికి లాగాను. ఆయన అంత దూరం నుంచే పసిగట్టి, "ఏందది? ఎవర్నడిగి తీస్తున్నవ్?" అని కేకేశాడు. వెడల్పు లెన్సు పెడితే భవనం, చెట్లు, కార్లు, ఆ పెద్దమనిషి, ఆయన కోపం అన్నీ ఒకే ఫ్రేములో పడ్డాయి. మా పన్నాగానికి ఇదే సరైనదని అమ్మాయీ నేనూ అనుకున్నాం. పన్నాగం అంటే పెద్దదేమీ కాదు. దీన్ని పెట్టి, టైమర్ నొక్కి పిల్ల పరుగెత్తుకు వచ్చి మా మధ్య నిలబడితే, వాళ్లమ్మ చెప్పు సర్దుకోవడానికి వంగినా ఎంతో కొంత దొరుకుతుంది.

అప్పుడే అక్కడ చిక్కొచ్చింది. పెళ్లికూతురి చెల్లెలు వచ్చి అక్కాబావలతో ఒక ఫోటో అడిగింది. మన కుర్రాడు కెమెరా ఎత్తి, దించాడు. "ముగ్గురైతున్రు" అని అటూ ఇటూ చూశాడు. నేను కనిపించాను.

"అంకుల్, జర గీడకొచ్చి అంచుకు నిలబడుండ్రి."

"ఎందుకు?"

"నాలుగో మనిషి కావాలె అంకుల్. అయిపోతది రెండు సెకండ్ల."

నేను ఊరుకుంటానా? అక్కడే మొదలుపెట్టాను. మేనమామ క్షయ దగ్గర్నుంచి మృత్యువు మొహమాటం దాకా చెప్పాను. పెళ్లికొడుకు చెమట తుడుచుకున్నాడు. పెళ్లికూతురు లెహంగా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఎండలో నిలబడింది. మెట్ల మీద చదువుకునేవాళ్లలో ఒకడు, "సార్, గిది సిలబస్‌ల ఉన్నదా?" అన్నాడు. పెళ్లికూతురి చెల్లెలు చేతులు జోడించి, "అంకుల్, మీరన్నది కరెక్టే. అయినా జర నిలబడరాదుండ్రి, ప్లీజ్" అంది. మా అమ్మాయి వెనకనుంచి నన్ను ముందుకు నెట్టింది.

నిలబడ్డాను. ఒక ఇంటి ఆల్బంలో, నాకు పేర్లు కూడా తెలియని ముగ్గురి పక్కన, గళ్ల చొక్కా వేసుకుని కోపంగా చూస్తున్న ఒక ముసలాయన ఉంటాడు. వాళ్ల మనవలు ఎవరీయన అని అడిగితే ఏం చెబుతారో తెలియదు. విరుగుడు అని చెప్పాలి.

ఇంటికి రాగానే అమ్మాయి ఆ సంగతి వాళ్లమ్మకు చెప్పేసింది. ఆమె చర్చి చీర కూడా మార్చుకోకుండా సోఫాలో కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "పోన్లెండి మాస్టారూ. ఆదివారం పూట ముగ్గురి ప్రాణాలు కాపాడారు. నేను చర్చిలో ఏం చేశాను, పాటలు పాడాను."

ఆ సాయంత్రం లెన్సు మీద చర్చ పెట్టాం. దీనికి కొంచెం వివరణ కావాలి. నేను చదువుకునే రోజుల్లో మాకొక చర్చా వేదిక ఉండేది. అందులో ఎవరు ఏ పక్షం మాట్లాడాలో చీటీ తీసి తేల్చేవాళ్లం. మనకు నచ్చని పక్షం వచ్చినా మనస్ఫూర్తిగా వాదించాలి. ఎదుటివాడు కూడా ఒప్పుకునే మాట మీద నిలబడి వాదించాలి. ఎదుటివాడి బుర్రలోకి వెళ్లడానికి ఇంతకన్నా మంచి దారి లేదని మా నమ్మకం. ఆ పద్ధతినే ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో ఫ్రిజ్ అలాగే వచ్చింది, అమ్మాయి స్కూలు అలాగే వచ్చింది. కొంచెం పెద్దదయ్యాక అమ్మాయే అధ్యక్షురాలు.

చీటీలు తీశాం. నాకు పొడుగు లెన్సు వచ్చింది. నేను కావాలనుకున్న వెడల్పు లెన్సు నా భార్యకు వచ్చింది. చిన్న లెన్సుకు ఎవరూ మిగల్లేదు, అధ్యక్షురాలు దాన్ని మొదట్లోనే కొట్టేసింది.

నియమం నియమమే. పొడుగు లెన్సు తరఫున నేను గట్టిగా వాదించాను. వెడల్పు లెన్సులో అంచున నిలబడ్డవాళ్లు సాగిపోయి లావుగా కనిపిస్తారని ఆఖరి దెబ్బ కొట్టాను.

"అధ్యక్షా, అంచున మాస్టారుగారు నిలబడితే సరిపోతుంది" అంది నా భార్య. "ఆయన కొంచెం సాగినా ఎవరూ గుర్తుపట్టరు. ఇక నా వాదన. ఆ ఊళ్లో ఎటు చూసినా జనం అంటున్నారు. ఈ లెన్సు పెడితే జనమంతా పడతారు. పడితే మనం ముగ్గురం కాము. యాభైమందిమో, వందమందిమో అవుతాం. పిల్ల కోరిక తీరుతుంది, నా భయమూ తీరుతుంది. ఊరూ పేరూ తెలియని మాస్టారు వెళ్లి నిలబడితే ఆ ముగ్గురికీ పనికొచ్చినప్పుడు, ఊరూ పేరూ తెలియని బొంబాయి జనం మనకు పనికిరారా? ఎదుటి పక్షం ఒప్పుకునే మాట మీదే నిలబడ్డాను. నిలబడింది ఆయనే కదా!"

అమ్మాయి ఒక్క గంతేసి వాళ్లమ్మను కౌగిలించుకుంది. "దిగుతవా మమ్మీ? నిజంగ?"

"దిగుతానే. మనుషులుండాలి అంతే."

ఇన్నేళ్లకు ఆమె సరేనంది. ఎవరైనా అయితే అక్కడితో ఆగి టీ తాగేవారు. నేను లేచి నిలబడ్డాను. "తీర్పు కరెక్టే, కారణం తప్పు. జనం ఉన్నరని దిగితే ఆ నమ్మకం గెలిచినట్టే కదా. మన ముగ్గురమే ఉన్న ఫోటో దిగినప్పుడే..."

"నాన్న" అంది అమ్మాయి. "నీకు ఫోటో కావాల్నా, గెలుపు కావాల్నా?"

రెండూ అన్నాను. అంతకన్నా సరళమైన విషయం ఏముంటుంది? ఫోటో తీసేటప్పుడు జనం లేకుండా చూస్తే చాలు. ఆ ఉపాయం మాత్రం పైకి చెప్పలేదు. మనసులో ఆ నిర్ణయం పెట్టుకుని రైలెక్కాను.

ముంబైలో జనం లేకుండా చూడాలనుకున్న మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? నన్ను చూసి ఉండాల్సింది. పెద్ద స్టేషను ముందు అమ్మాయి కెమెరా సర్దితే, ఆ గుంపు పోనీ అన్నాను. ఆ గుంపు పోయేలోపు ఇంకో రైలు దిగింది. రేవు దగ్గర రాతి కమాను ముందు, అదిగో ఆ స్కూలు పిల్లల్ని పోనీ అన్నాను. ఆ స్కూలు పోయింది, వేరే స్కూలు వచ్చింది. నా భార్య పాపం ప్రతిచోటా వచ్చి నిలబడింది. కొంగు సర్దుకుంది, జుట్టు ఒత్తుకుంది, చుట్టూ జనాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంది. ఒక్కసారి కూడా చెప్పు కోసం వంగలేదు. నేనే ప్రతిసారీ వద్దు, ఆగు, ఇంకొంచెం ఆగు అన్నాను.

ఆఖరి సాయంత్రం సముద్రం గట్టు మీదికి వెళ్లాం. ఎండ బంగారంలా ఉంది. గట్టు పొడుగునా జనం కూర్చుని ఉన్నారు. అమ్మాయి కెమెరాను గోడ మీద పెట్టింది. నేను నాకొచ్చిన హైదరాబాదు హిందీలో రంగంలోకి దిగాను. "భయ్యా, జరా బాజూ హటో." కాలేజీ పిల్లలు లేచి జరిగారు. వెడల్పు లెన్సు కదా, జరిగిన చోట కూడా పడుతున్నారు. ఇంకా జరగమన్నాను. ఒక నడివయసు ఆమె మొక్కజొన్న కంకి తింటూ కూర్చుంది. ఆమె జరగలేదు.

"క్యూం? సముందర్ తుమ్హారా హై క్యా?"

సముద్రం నాది కాదని ఒప్పుకోవలసి వచ్చింది. మనిషిని కోసేసే పొడుగు లెన్సు తెచ్చుకోనందుకు ఆ క్షణంలో ఎంత బాధపడ్డానో! ఇష్టం లేకుండా దాని తరఫున చేసిన వాదన అంతా ఇప్పుడు నిజంగా నమ్మాను. కంకి అయిపోతే ఆమె లేస్తుందని ఎదురుచూశాను. ఆమె ఇంకో కంకి కొనుక్కుంది. ఈలోగా సూర్యుడు మునిగాడు. దీపాలు వెలిగాయి. నా భార్య గట్టు మీద కూర్చుని కాళ్లు నొక్కుకుంటూ, "చీకటి పడిందండీ. పదండి" అంది. అమ్మాయి లెన్సుకు మూత పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు. కనుమలు దాటాయి. అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను వాతావరణం తేలిక చేద్దామని, సముద్రం ఫోటోలు బాగా వచ్చాయి కదా అన్నాను.

"మంచిగొచ్చినయ్" అంది. కొంచెం ఆగి అంది: "అమ్మ నలుగురున్నరా అని లెక్కపెడ్తది. నువ్వు ముగ్గురమే ఉన్నమా అని లెక్కపెడ్తవ్. నాకైతే మీ ఇద్దరికి ఫరక్ కనబడ్తలేదు నాన్న."

నేను నోరు తెరిచాను. నా దగ్గర జవాబు ఉంది. అమ్మది భయం, నాది సూత్రం. తేడా ఉంది. దాని మీద గంటసేపు మాట్లాడగలను. కానీ ఆ ఊరంతటిలో, అంత జనంలో, పక్కన ఎంతమంది ఉన్నారని తలలు లెక్కపెడుతూ తిరిగినవాళ్లం మేమిద్దరమే అన్న సంగతి అప్పుడే తట్టింది. కంకి తినేవాళ్లు తింటున్నారు, నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. ముగ్గురు స్నేహితులు మా ముందే ఒక ఫోనులో తలలు దూర్చి ఫోటో తీసుకుని లేచిపోయారు. మూడు అంకెకు శక్తి లేదని నేను నమ్ముతాను. నిజంగా అలా నమ్మేవాణ్ని అయితే దాని కోసం ఒక పూట ఎండ పోగొట్టడం ఎందుకు? నోరు మూసుకున్నాను. నా భార్య సంచిలోంచి అరటిపళ్లు తీసి తలొకటి ఇచ్చింది.

లెన్సు తిరిగి ఇవ్వాలి. ఆ కుర్రాడికి మళ్లీ అదే రాతి భవనం ముందు షూటింగ్ ఉందట. ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే అమ్మాయి బయలుదేరింది. నేనూ చెప్పులేసుకున్నాను. నా భార్య స్కూలుకు వెళ్లే చీరలో, లంచ్ బ్యాగు భుజాన వేసుకుని, "నన్ను కూడా అటునుంచి దింపెయ్యండి" అంది. ఆమె స్కూలు అటువైపు కాదు. అయినా ముగ్గురం కలిసే బయలుదేరాం.

కుర్రాడు అప్పుడే సామాను దింపుతున్నాడు. అమ్మాయి లెన్సు ఇవ్వబోయింది. "ఆగవే" అంది వాళ్లమ్మ. ఆ కుర్రాడి వైపు తిరిగింది. "బాబూ, దాన్ని పెట్టెలో పెట్టేముందు మాదొకటి తియ్యి."

అమ్మాయి తల్లి ముఖంలోకి చూసింది. కుర్రాడు అమ్మాయి కెమెరాకే లెన్సు బిగించి, వెనక్కి రెండడుగులు వేసి, అలవాటు కొద్దీ అనేశాడు. "ముగ్గురేనా మేడమ్? జర ఆగుండ్రి, ఎవర్నన్న పిలుస్త."

నా గొంతులో ఉపన్యాసం సిద్ధంగా ఉంది. మొదటి వాక్యం నాలుక చివరకు వచ్చేసింది. నా భార్య నా చెయ్యి పట్టుకుని నొక్కింది. "మీరు మాట్లాడకండి" అంది నాతో. అతనితో అంది: "ఎవర్నీ పిలవక్కర్లేదు బాబూ. దారిన పోయేవాళ్లెవరైనా వస్తే రానీ. రాకపోతే లేదు. తియ్యి."

అమ్మాయి వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. తల్లి కుడిచెయ్యి పిల్ల వెనకనుంచి వచ్చి నా మోచేతి దగ్గర చొక్కాను గుప్పిట పట్టుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. నా తర్కానికి అది ఇన్నేళ్లలో ఒక్క అంగుళం కూడా జరగలేదు, ఇప్పుడూ జరగలేదు. ఆమె దాన్ని పక్కన పెట్టుకునే నిలబడింది. అది నాకు తెలుసు కాబట్టి నేను కదల్లేదు. ఎడమవైపు దారిలో ఎవరో పుస్తకం పైకి చదువుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. రాజ్యాంగంలో అధికరణాలు బట్టీ పడుతున్నారు. దగ్గరగా వస్తున్నారు. హటో అనే మాట నా నోట్లో తిరిగింది. మింగేశాను. తల తిప్పి చూడలేదు కూడా.

క్లిక్‌మంది. "మంచిగొచ్చింది మేడమ్" అన్నాడు కుర్రాడు. నా భార్య వెంటనే వాచీ చూసుకుని, ఫస్ట్ పీరియడ్ పోయిందని ఆటో కోసం గేటు వైపు పరుగెత్తింది. అమ్మాయి అక్కడే మెట్ల మీద కూర్చుని, కెమెరా చిన్న తెర మీద ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూసుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

ఆ పుస్తకం మనిషి ఫ్రేములో పడ్డాడో లేదో నాకు తెలియదు. అమ్మాయి చూపించబోతే, అంచుల వైపు చూడకుండా మధ్యలో మాత్రం చూశాను. మీలో కొందరు వెంటనే అడుగుతారు, ఇంతకీ అందులో ఎంతమంది ఉన్నారని. పడితే మా ఆవిడ నమ్మకం బతికిందని, పడకపోతే నేను గెలిచానని తేల్చుకోవాలని మీ తొందర. మీ రోగం నాకు బాగా తెలుసు. అడగకండి.

మీ వాదనల్లో మీరు ఇంకా గెలవండి, నేను కాదనను. ముగ్గురి ఫోటోకు చావు రాదని వీధి వీధికీ చెప్పండి. నేనూ చెబుతూనే ఉంటాను. కానీ ఈ పూట ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎన్నాళ్లుగానో ఒక ఫోటో ఆగి ఉంది. ఎవరి కోసం ఆగిందో మీకు తెలుసు. లేవండి. వంటింట్లో ఉన్నవాళ్లను పిలవండి, గదిలో అలిగి కూర్చున్నవాళ్లను పిలవండి. చేతిలో ఏ లెన్సు ఉంటే ఆ లెన్సుతో తీయండి. కారణాలు చెప్పకండి, అడగకండి. నాలుగో మనిషిని పిలవకండి. వచ్చినవాణ్ని తరమకండి. నిలబడండి.